పెట్టలేదు, పట్టాను

"తల్లి సమాచారం దాచిపెట్టింది."

ఆ పాప ఫైల్లో మూడో పేజీలో నీలం ఇంకుతో రాసిన ముక్క ఇది. మూడే మాటలు. రాసినాయన పెన్నుకి మూత పెట్టి భోజనానికి వెళ్ళిపోయాడు. ఆ మూడు మాటల పుణ్యమా అని ఒక కన్నతల్లి తన రెండేళ్ళ కూతుర్ని ఎనిమిది రోజులు ముట్టుకోలేకపోయింది. ఆ మాటలు ఫైల్లోంచి పోతాయా, లేక ఆ తల్లి బతికినంతకాలం ఆమె నెత్తిమీదే ఉండిపోతాయా అన్నదే ఇక్కడ సంగతి. నేను చెప్పబోయేది మాత్రం ఆ మూడు మాటల మీద యుద్ధానికి దిగిన నర్సు గురించి. ఆవిడని మేమందరం కుంపటి అనేవాళ్ళం. వెనకాల మాత్రమే. ఎదురుగా అనగలిగిన మొనగాడు మా ఆస్పత్రిలో ఇంకా పుట్టలేదు.

పిల్లల గుండెకి ప్రొసీజర్లు చేసే గదిలో నేను ఎక్స్-రే టెక్నీషియన్ని. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి, గుండె దాకా తీసుకెళ్ళి, లోపలున్న రంధ్రాన్ని చిన్న బిళ్ళతో మూస్తారు. ఛాతీ కోసే పనిలేదు. తీగ ఎక్కడిదాకా వెళ్ళిందో తెర మీద చూపించడం నా పని. పిల్ల కదలకుండా మత్తివ్వాలి, కానీ ఊపిరి తనంతట తనే పీల్చుకుంటూ ఉండాలి. ఆ ఊపిరిని కనిపెట్టుకుని పని పూర్తయ్యేదాకా పిల్ల తలదగ్గర కూర్చోవడం కుంపటి పని. పద్ధెనిమిదేళ్ళు ఆ స్టూలు మీదే కూర్చుంది. మత్తు డాక్టరు లేడా అంటారేమో. ఉన్నాడు, మూడు గదులకి కలిపి ఒక్కడు. మందు ఎంతివ్వాలో చెప్పి పక్క గదిలోకి పరిగెత్తేవాడు. ఆ తర్వాత ఆ పిల్ల ప్రాణం ఈవిడ అరచేతిలో ఉండేది. ఇంకో మత్తు డాక్టర్ని వెయ్యమని ఆవిడ రాసిన అర్జీలు చూసుకుంటే ఒక బీరువా నిండుతుంది.

మనిషి బక్కపలచన. గొంతు మాత్రం మూడో అంతస్తులో మాట్లాడితే కింద క్యాంటీన్లో వినబడేది. అందరికీ ముక్కుమీద కోపం ఉంటే, ఈవిడకి నాలుక మీదే కాపురం ఉండేది. భర్త బడిపిల్లలకి యూనిఫారాలు కుట్టే టైలరు, నెమ్మదస్తుడు. "ఆస్పత్రిలో అందరికీ మత్తిచ్చే చేస్తారు బాబూ, నాకొక్కడికే ఇంట్లో మత్తు లేకుండా ఆపరేషన్" అని నాతో అనేవాడు. ఆవిడ విని, "నీకు మత్తు దండగ, నువ్వు ఎలాగూ కదలవు" అనేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

కోపం ఊరికే వచ్చేది కాదు. ఒకసారి ఫైల్లో పిల్లవాడి బరువు పన్నెండు కిలోలని రాసి ఉంది. మత్తుమందు బరువుని బట్టి ఇస్తారు. ఈవిడ వాణ్ణి చంకన వేసుకుని, "వీడు పది కూడా ఉండడు. ఎవరు తూచారు వీణ్ణి?" అంది. మళ్ళీ తూస్తే తొమ్మిదిన్నర. వార్డులో వాణ్ణి బూట్లతో, స్వెట్టరుతో, దుప్పటితో, వాడు వదలనని పేచీ పెట్టిన ఇనప లారీ బొమ్మతో సహా తూచేశారు. "లారీకి కూడా మత్తిమ్మంటావా అమ్మాయ్?" అని వార్డు నర్సుని అరగంట ఉతికి ఆరేసింది. ఆ అమ్మాయి ఏడ్చింది. మర్నాటి నుంచి పిల్లల్ని ఒంటిమీద బట్ట లేకుండా తూచింది.

ఇంకోసారి గుండె డాక్టరు తీగ సగంలో ఉండగా విసుక్కున్నాడు. "పిల్ల కదులుతోంది సిస్టర్, ఇంకొంచెం ఇవ్వండి."

"ఇప్పుడేగా ఇచ్చాం. రెండు నిమిషాలు ఆగండి."

"కదులుతుంటే నేనెలా చెయ్యను?"

"కదులుతోందంటే బతికుందని సార్. మీకు అసలే కదలని పిల్ల కావాలా?"

గుండె డాక్టరు రెండు నిమిషాలు ఆగాడు. ఆవిడ మాత్రం పిల్ల ఛాతీ మీద అరచెయ్యి ఆనించి కూర్చునే ఉంది. ఆ చెయ్యి ఎప్పుడూ అక్కడే ఉండేది. ఆక్సిజన్ ఎంతుందో చూపించే పెట్టె ఎదురుగా ఉన్నా సరే. నేనొకసారి అడిగాను, అంకె కనబడుతోంది కదా అక్కా, ఇంకా చెయ్యెందుకని. "ఆ అంకె అబద్ధం చెప్పదు తమ్ముడూ, ఆలస్యంగా చెప్తుంది. ఊపిరి ముందాగుతుంది, అంకె తర్వాత పడుతుంది. అంతసేపు నేను తెర చూస్తూ కూర్చోనా?" అంది.

ఇంత జాగ్రత్త ఉన్న మనిషి చేతిలోనే అది జరిగింది. అందుకే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆ రోజు రెండో కేసు ఆ పాప. రెండేళ్ళు నిండి పది రోజులైంది. మత్తు ఇవ్వాలంటే పొట్ట ఖాళీగా ఉండాలి. మత్తులో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిద్రలో ఉన్న పిల్లకి దగ్గు కూడా రాదు. అందుకే ముందురోజు సాయంత్రం వార్డులో చెప్తారు, పొద్దున ఏమీ పెట్టొద్దని. పొద్దున మళ్ళీ అడుగుతారు. వార్డు వాళ్ళు అడిగి కాగితంలో టిక్కు పెట్టినా కుంపటికి నమ్మకం ఉండదు. బల్ల ఎక్కించే ముందు తలుపు దగ్గర తల్లిని ఆపి, తనే సొంతంగా అడిగేది. ఆ రోజూ అడిగింది. నేను పక్కనే ఉన్నాను, విన్నాను.

"పొద్దుటి నుంచి పాపకి ఏమీ పెట్టలేదు కదమ్మా? నిజం చెప్పు, తిట్టను."

"ఏమీ పెట్టలేదండీ."

"బిస్కెట్ ముక్కయినా?"

"లేదండీ. అడిగింది. అయినా పెట్టలేదు."

పాపని అందించి ఆ తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తలుపు మూసుకుంది.

ఇరవై నిమిషాలు అన్నీ సవ్యంగానే నడిచాయి. తీగ గుండెలో ఉంది. ఉన్నట్టుండి కుంపటి, "ఆగండి!" అని అరిచింది. పెట్టెలో అంకె అప్పటికి తొంభై ఎనిమిది. ఆవిడ చేతికింద ఛాతీ ఒక్కసారి ఎగదన్నింది. పాపని పక్కకి తిప్పేలోపే నోట్లోంచి, ముక్కులోంచి పాలు వచ్చాయి. తెల్లగా, విరిగిన పాలు. ఆవిడ గొట్టంతో లాగేస్తూనే ఉంది, లోపలికి పోయేవి పోతూనే ఉన్నాయి. అంకె తొంభై, డెబ్భై, నలభై ఐదు. పెదాలు నీలమయ్యాయి. మత్తు డాక్టరు మూడో గదిలోంచి పరిగెత్తుకొచ్చి గొంతులో గొట్టం వేశాడు. గుండె దాదాపు ఆగిపోతే ఆవిడే ఒక చేత్తో ఛాతీ నొక్కింది, పైకి లెక్కపెడుతూ. నిమిషంన్నర. నేను అద్దానికి ఇవతల నిలబడి ఎక్స్-రే మీటల మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాను. అంతకంటే నేను చేయగలిగింది ఏమీ లేదు.

పాప బతికింది. గుండెలో రంధ్రం అలాగే ఉండగా వెంటిలేటర్ మీదికి వెళ్ళింది. ఊపిరితిత్తుల నిండా నిమ్ము. ఐసీయూలో ఏడు రోజులు, తర్వాత వార్డులో.

మూడో రోజున సూపరింటెండెంట్ గదిలో విచారణ పెట్టారు. సూపరింటెండెంట్, గుండె డాక్టరు, మత్తు డాక్టరు బల్లకి అటు. మేం ఇటు గోడ వారగా. తల్లిని పిలిపించారు. జుట్టు కూడా దువ్వుకోలేదు ఆమె, మూడు రోజుల కిందటి చీరే ఉంది.

"ఆ రోజు పొద్దున పాపకి పాలిచ్చావా?" సూపరింటెండెంట్ అడిగాడు.

"పట్టానండీ. ఏడున్నరకి. ఒక సీసా."

"మరి ఏమీ పెట్టలేదని సిస్టర్‌కి చెప్పావేం?"

"పెట్టలేదండీ." ఆమె అయోమయంగా అందరి మొహాలూ చూసింది. "పాలే పట్టాను. ఏం పెట్టలేదు."

"అదేనమ్మా! పాలిచ్చి, ఇవ్వలేదన్నావు."

"ఇవ్వలేదని నేనెప్పుడన్నానండీ? పెట్టారా అన్నారు. పెట్టలేదన్నాను."

"చాలు చాలు" అని సూపరింటెండెంట్ మిగతా ఇద్దరి వైపూ తిరిగాడు. "ఆవిడే ఒప్పుకుంది, విన్నారుగా." అప్పుడే రాశాడు ఆ మూడు మాటలు. భర్తని లోపలికి పిలిచి, "మా వైపు నుంచి లోపమేమీ లేదు, మీ ఆవిడ పాలు పట్టి మాకు చెప్పలేదు" అన్నాడు. ఆ భర్త భార్య వైపు చూసిన చూపు నేను చూశాను. చెయ్యెత్తి కొట్టినా అంత ఉండేది కాదు.

నేను కుంపటి వైపు తిరిగాను. ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాను. లేవలేదు. వరండాలోకి వచ్చాక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తమ్ముడూ, పిల్లలకి పాలు ఏం చేస్తాం?"

"ఏం చేస్తాం? పడతాం."

"అన్నం?"

"పెడతాం." అప్పుడు తగిలింది నాకు.

"నేనేం అడిగాను? పెట్టారా అన్నాను. పద్ధెనిమిదేళ్ళుగా అదే అడుగుతున్నాను. వార్డులో ఏం చెప్తారు? పెట్టొద్దంటారు. పాలు ఎవరు పెడతారు? నా కూతురికి నేను పాలు పట్టానే గానీ పెట్టానా? ఆ తల్లి అడిగినదానికి అడిగినట్టు చెప్పిందిరా! అబద్ధం ఎక్కడుంది? బిస్కెట్ అడిగితే కూడా పెట్టలేదు ఆ తల్లి. మనం చెప్పిన మాట తప్పలేదు. మన మాటే తప్పు."

నన్ను అంతకుముందు ఎప్పుడూ ఏరా అనలేదు ఆవిడ. కోపం ఎవరి మీదో తెలియక అలా వచ్చింది. తర్వాత నాకర్థమైంది, తన మీదే.

మర్నాడు పొద్దున ప్రొసీజర్‌కి ఐదుగురు పిల్లలున్నారు. నన్ను వెంటేసుకుని వార్డుకి వెళ్ళింది. కాగితాల్లో ఐదుగురికీ "లేదు" మీద టిక్కులున్నాయి. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "ఏమైనా పెట్టారా?" అని అడిగింది. ఐదుగురూ లేదన్నారు. ఒక నాయనమ్మ ఒట్టు కూడా వేసింది. మళ్ళీ మొదటి మంచం దగ్గరికొచ్చి, "ఏమైనా పట్టారా?" అంది.

ఒట్టేసిన నాయనమ్మ, "పట్టకపోతే ఎలాగమ్మా, గుక్కపెట్టి ఏడుస్తుంటే? ఇందాకే పావు గ్లాసు పాలు పట్టాను" అంది. చివరి మంచం తల్లి కూడా, "రెండు గుక్కలు తాగి వదిలేశాడండీ" అంది.

ఐదుగురిలో ఇద్దరు. కుంపటి వార్డు మధ్యలో నిలబడిపోయింది. "పద్ధెనిమిదేళ్ళు నేను జాగ్రత్తగా ఉన్నాననుకున్నా తమ్ముడూ. కాదు. ఊరికే అదృష్టం బాగుంది" అంది. ఆ ఇద్దరు పిల్లల్నీ ఆ పూట ఆపేసింది. గుండె డాక్టరు వచ్చి మండిపడ్డాడు. "నా లిస్టంతా పాడుచేస్తున్నారు మీరు."

"లిస్టు పాడైతే రేపు రాసుకుంటారు. పిల్ల పాడైతే రేపటికి ఎవర్ని రాస్తారు?"

ఆయన విసవిసా వెళ్ళిపోయాడు. వార్డు హెడ్ నర్సుకి చెప్తే, ఫారం ప్రింటయి ఉంది, పైనుంచి మారిస్తే తప్ప తనేం చెయ్యలేనంది. అచ్చువేసిన కాగితానికి ఉన్న విలువ పిల్ల పొట్టలో పాలకి లేదు.

ఇక ఆవిడ రోజూ అదే పని పెట్టుకుంది. డ్యూటీకి గంట ముందొచ్చి, ప్రతి తల్లినీ రెండు రకాలుగానూ అడిగి, ఒక నోటు పుస్తకంలో రాసింది. వారంలో ఇరవై ఆరుమంది పిల్లలు. పెట్టలేదన్నవాళ్ళు ఇరవై ఆరుమందీ. పట్టామన్నవాళ్ళు ఆరుగురు. ఆ ఆరుగురిలో ఒక్కరు కూడా దాచలేదు. అడగ్గానే చెప్పారు.

ఈలోగా అక్కడ ఆ తల్లి బతుకు ఎలా ఉందో మాకు తెలుసు. ఆస్పత్రిలో అందరికీ తెలుసు. ఐసీయూ, వార్డు పక్కపక్కనే, రెండింటికీ బయట ఒకటే బెంచీ. పాప ఐసీయూలో ఉన్నప్పుడు లోపలికి ఒక్కరినే పంపేవారు. అత్తగారే వెళ్ళేది. వార్డుకి మార్చాక కూడా అత్తగారే మంచం దగ్గర. "నీ చేతుల మీదుగా ఒకసారి అయింది, చాలు" అని కోడల్ని బయటే కూర్చోబెట్టింది. భర్త ఏమీ అనలేదు. అనడానికేముంది, డాక్టర్లే రాసిచ్చాక? ఆమె కూడా ఎదురు చెప్పలేదు. ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. అన్నం తెచ్చి పక్కన పెడితే అది అలాగే ఎండిపోయేదని ఆయా చెప్పింది.

విచారణ ముగిసేదాకా ఆ కుటుంబంతో ఎవరూ మాట్లాడకూడదని సూపరింటెండెంట్ నోటీసు అంటించాడు. కుంపటి దాన్ని లెక్కచేసే రకం కాదు. అయినా వెళ్ళలేదు. నేనడిగాను ఒకసారి, వెళ్ళి చెప్దామా అక్కా అని.

"ఉత్తచేతుల్తో వెళ్ళి ఏం చెప్పను? నా మాట ఎవరు వింటారు అక్కడ? ఫైల్లో ఆ ముక్క కొట్టేయించి, ఆ కాగితంతోనే వెళ్తా" అంది. నాకూ సబబే అనిపించింది.

పదకొండో రోజు మళ్ళీ అదే గది, అదే బల్ల. సూపరింటెండెంట్ చాలా మంచిగా మాట్లాడాడు. ఆయన మంచిగా మాట్లాడితే భయపడాలి.

"సిస్టర్, ఇందులో మీ తప్పేమీ లేదు. మీరు అడిగారు, ఆవిడ లేదంది. ఇక్కడ సంతకం పెడితే అయిపోతుంది."

కుంపటి నోటు పుస్తకం ఆయన ముందు తెరిచి పెట్టింది. ఇరవై ఆరుగురి సంగతీ చెప్పింది. పెట్టడం, పట్టడం సంగతి చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "మీరు నర్సా, తెలుగు పండితులా?" అన్నాడు. గుండె డాక్టరు నవ్వాడు. మత్తు డాక్టరు నవ్వలేదు, తల దించుకున్నాడు. ఆయనకీ తెలుసు. తెలిసి నోరు మెదపనివాణ్ణి ఏమనాలో నాకు తెలియదు. నన్ను నేను కూడా అలాగే అనుకోవాలి మరి. నేనూ గోడ వారగా నిలబడే ఉన్నాను.

"సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి ఫారం మారుద్దాం" అన్నాడు సూపరింటెండెంట్. "ఆహార పానీయములు సేవించినారా అని వేయిద్దాం. అన్నీ కవరవుతాయి."

"సేవించడమేంటి సార్? ఏ అమ్మ మాట్లాడుతుంది ఆ మాట? పానీయం అంటే సోడా అనుకుంటారు. పాలు అని రాయండి. పాలు, నీళ్ళు, బిస్కెట్, అన్నం. ఆఖరిసారి ఎన్నింటికి పట్టారు, ఎన్నింటికి పెట్టారు. ఇంతే కదా! ఇది రాయడానికి మీకు సిగ్గెందుకు?"

"గొంతు తగ్గించండి."

"తగ్గించను. ఆ తల్లి ఎనిమిది రోజులుగా గొంతే ఎత్తలేదు, ఆవిడ వాటా కూడా నేనే అరుస్తా. మీరు రాసిన ఆ ముక్క కొట్టేయండి."

"అది రికార్డు. కొట్టేయడం కుదరదు. కొట్టేస్తే తప్పు ఎవరిదవుతుందో తెలుసా మీకు?"

"తెలుసు. నాదవుతుంది."

ఫైలు లాక్కుంది. మూడో పేజీ తీసి, ఆ మూడు మాటల మీద అడ్డంగా గీత కొట్టింది. కింద తన చేత్తో రాసింది, నేను భుజం మీంచి చదివాను: "తల్లి ఏమీ దాచలేదు. పాలు పట్టారా అని నేను అడగలేదు. పెట్టారా అని అడిగాను. ఆమె నిజం చెప్పింది. తప్పు అడిగిన తీరుది." సంతకం, తారీకు, టైము కూడా వేసింది. సూపరింటెండెంట్ మొహం జేవురించింది. రేపటి నుంచి ఆ గదిలో అడుగు పెట్టొద్దన్నాడు. కత్తెరలు, గుడ్డలు ఉడకబెట్టే కింది గదికి వేశాడు. పద్ధెనిమిదేళ్ళు పిల్లల ఊపిరి మీద పెట్టిన చెయ్యి ఇక నుంచి గాజుగుడ్డలు మడతపెట్టాలి. మూడో గదిలోంచి పరిగెత్తుకురావాల్సిన డాక్టర్ని ఒక్కణ్ణే ఉంచినవాళ్ళు ఎవరూ ఎక్కడికీ బదిలీ కాలేదు.

కుంపటి ఆ పేజీని జిరాక్స్ తీయించుకుంది. "రా తమ్ముడూ" అంది. వార్డుకి దాదాపు పరిగెత్తినట్టే నడిచింది. మొహంలో గెలిచిన కళ ఉంది. దాచడమెందుకు, నాకూ గుండె ఉప్పొంగింది.

వార్డు గుమ్మం బయట బెంచీ మీద ఆ తల్లి కూర్చుని ఉంది. లోపల మంచం దగ్గర అత్తగారు, పక్కన ఆమె కొడుకు. కుంపటి సరాసరి వాళ్ళ దగ్గరికే వెళ్ళి కాగితం చేతిలో పెట్టింది.

"మీ కోడలు అబద్ధం చెప్పలేదు పెద్దమ్మా. తప్పుగా అడిగింది నేను. ఇదిగో, రాసిచ్చాను."

అత్తగారు అనుమానంగా చూసింది. "పాలైతే పట్టింది కదమ్మా?"

"పట్టొద్దని మేమెవరమూ చెప్పలేదు. పెట్టొద్దన్నాం. మీరైతే ఏం చేసుండేవాళ్ళు?"

ఆ పెద్దావిడ కాగితాన్ని కొడుక్కి అందించింది. కొడుకు కాగితం రెండుసార్లు చదివాడు. అప్పటికే తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. అంతా విన్నది.

"ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది. పలకని గొంతులోంచి గరగరా వచ్చింది మాట.

కుంపటి సంతోషంగానే జవాబు చెప్పింది. "ఆ రోజే అమ్మా. మొదటి విచారణ రోజే నాకర్థమైపోయింది. అప్పట్నుంచీ వాళ్ళతో కొట్లాడుతూనే..."

"ఆ రోజేనా?"

"ఆఁ."

"ఎనిమిది రోజులైంది." ఆమె లోపలికి ఒకడుగు వేసింది. "నేను ఈ బెంచీ మీదే ఉన్నాను. మీరు రోజూ పొద్దున్నే పుస్తకం పట్టుకుని నా ముందు నుంచే వెళ్ళేవారు. అందర్నీ అడిగేవారు. ఒక్కసారి ఆగి, నీ తప్పు కాదమ్మా అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?"

"అది కొట్టేయించి వద్దామని..."

"ఆ కాగితం ఎవరిక్కావాలి? నా బిడ్డని నేనే చంపుకోబోయాననుకున్నాను. నిద్రపోతే అదే కల. మేలుకుంటే అదే. దాని మీద చెయ్యి వెయ్యాలంటే నాకే భయమేసింది. వీళ్ళు పొమ్మన్నందుకు కాదు, నాకే భయమేసి బయట కూర్చున్నాను. తెలిసుండీ చెప్పలేదా మీరు?"

"నిజమేనమ్మా, నేను..."

"మీరు మాట్లాడకండి."

కుంపటిని మాట్లాడొద్దన్న మనిషిని నేను అప్పుడే చూడటం. ఆవిడ నిజంగానే మాట్లాడలేదు. సూపరింటెండెంట్ ముందు వంగని తల కిందికి వాలిపోయింది. ఆ తల్లి మా ఇద్దరినీ దాటుకుని వెళ్ళి, అత్తగారి భుజం పక్కకి జరిపి, పాపని రెండు చేతులా ఎత్తుకుంది. పాప ఒక్కక్షణం గుర్తుపట్టనట్టు చూసి, ఏడుపు లంకించుకుని మెడ కావలించుకుంది. తల్లి వెనక్కి తిరక్కుండానే, "వెళ్ళండి" అంది.

వెళ్ళిపోయాం. మెట్ల దాకా ఆవిడ నాకంటే ముందు నడిచింది. అక్కడ ఆగి, "నేను వాళ్ళ మీద గెలవాలని చూశాను తమ్ముడూ, ఈమె గుర్తే లేదు నాకు" అని కింది గదికి దారెటని అడిగింది.

ఆ తల్లి నన్ను ఏమీ అనలేదు. నేనెవరో ఆమెకి తెలియదు. ఆ ఎనిమిది రోజులూ రోజుకి నాలుగుసార్లు నేనూ ఆ బెంచీ ముందు నుంచే నడిచాను.